రాడ్డు వదలని కండక్టరు

మా తమ్ముడు తలకిందులుగా వేలాడగలడు. ఈ సంగతి మన రిటైర్డ్ బస్సు కార్మికుల సంఘం పత్రికలో అచ్చులో చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. గత సంచికలో ఒకాయన తన మనవడికి ఈత పోటీలో మూడో స్థానం వచ్చిందని రెండు పేజీలు రాసుకున్నాడు. సంతోషమే. కానీ నీళ్ళలో తేలేవాడికి నీళ్ళు సాయం చేస్తాయి. గాల్లో తేలేవాడికి ఎవరు సాయం చేస్తారు?

ముందు నా గురించి నాలుగు ముక్కలు. మా ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. ఆ బడికి గోడలు మూడే, నాలుగో వైపు గేదెలుండేవి. అయినా ఆ ఊరి నుంచి పెద్ద బండి స్టీరింగు పట్టిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి తాళాలు అప్పగించిన రోజు దాకా నా చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఒక మేక పడబోయింది గానీ, తప్పు మేకదేనని డిపో మేనేజరుగారు కూడా ఒప్పుకున్నారు. అందుకు బహుమతిగా ఇచ్చిన గోడగడియారం మా ఇంట్లో ఇప్పటికీ తిరుగుతోంది.

ఆ బండికి కండక్టరు మా తమ్ముడు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే బండి మీద పనిచేయడం మన డిపో చరిత్రలో అదే మొదలు, అదే చివర. నేను బ్రేకు వేస్తే బస్సు మొత్తం ముందుకు వంగి నమస్కారం పెట్టేది. వెనక సీటులోని సంచి ముందు సీటు కిందికి వచ్చేది. మా తమ్ముడు మాత్రం కదిలేవాడు కాదు. ఎడమ మోచేయి రాడ్డుకి మెలేసి, మోకాలు సీటుకి తన్నిపెట్టి, ఒక చేత్తో టిక్కెట్టు చింపుతూ, రెండో చేత్తో ఏ పిల్లవాడి తలనో కిటికీలోంచి లోపలికి నెట్టేవాడు. ఆ పట్టు వాడికి నా బ్రేకు నేర్పింది. ఈ మాట వాడే ఒప్పుకుంటాడు, అడిగి చూడండి.

వాడి ఇంకో గుణం కూడా చెప్పాలి. ఆఖరి మనిషి ఆఖరి కాలు మెట్టు మీంచి లోపలికి వచ్చేదాకా వాడి నోట 'రైట్ రైట్' వచ్చేది కాదు. మెట్టు వైపు ఒకసారి చూడాలి, నమ్మకం కుదరాలి, అప్పుడు రెండుసార్లు అనాలి. వాడు అనందే నేను గేరు వేసేవాణ్ణి కాదు. ఇన్నేళ్ళూ వాడు చెప్పాడు, నేను కదిలాను.

రిటైరయ్యాక వాడికి వచ్చిన జబ్బేమిటంటే, ఇల్లు కదలకపోవడం. ఊగని నేల మీద నిలబడితే వాడికి కళ్ళు తిరిగేవి. వంటింటి గుమ్మాన్ని మోచేత్తో మెలేసి నిలబడి మా మరదలితో మాట్లాడేవాడు. ఆవిడ పక్కకి జరగమంటే, వెనక ఖాళీగానే ఉంది కదా అనేవాడు. భుజం పట్టేసింది, నడుము బిగుసుకుపోయింది. డాక్టరు ఏదో ఒక కసరత్తు చేయమన్నాడు.

ఆ డాక్టరు ఆసుపత్రి మేడ మీద ఒక బోర్డు ఉంది. అందులో ఒక మనిషి నిలువు రాడ్డు పట్టుకుని ఉన్నాడు. మా తమ్ముడు అక్షరాల జోలికి పోలేదు, బొమ్మ చాలింది. కొత్త కండక్టర్లకి నిలబడటం నేర్పే బడి అనుకున్నాడు. తన అనుభవం పిల్లలకి పనికొస్తుందని పాత యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, పాఠం చెప్పడానికి మేడెక్కాడు.

అది పోల్ డాన్స్ క్లాసు. పొడుగాటి గది, ఒక గోడంతా అద్దం, నేల నుంచి కప్పు దాకా వరసగా స్టీలు రాడ్లు, వాటి మొదట్లో లావుపాటి పరుపులు. టీచరమ్మ పాతికేళ్ళ పిల్ల. చేరడానికి వచ్చారా అంకుల్ అని అడిగితే, మా తమ్ముడు నేరుగా వెళ్ళి మొదటి రాడ్డుకి మోచేయి మెలేసి, అందరూ కొంచెం లోపలికి జరగండి అన్నాడట.

ఆ రాడ్డు తిరిగే రకం. ఆ గదిలో రాడ్లు రెండు రకాలుగా వాడతారు. అడుగున బిగిస్తే కదలకుండా నిలబడుతుంది. వదులు చేస్తే మనిషితో పాటు గిర్రున తిరుగుతుంది. రాడ్డనేది తిరుగుతుందని వాడికి కలలో కూడా తెలియదు. ఒంటి బరువు ఆనించగానే అద్దం, కిటికీ, టీచరమ్మ, మళ్ళీ అద్దం కనపడటం మొదలుపెట్టాయట. వాడు అరవలేదు. ఉద్యోగంలో బండి ఆపించడానికి అలవాటైన గొంతుతోనే 'హోల్డాన్' అన్నాడు. బండి ఆగలేదు. టీచరమ్మ వచ్చి చేత్తో ఆపాల్సి వచ్చింది.

దిగాక వాడికి తెలిసిన సంగతి, కళ్ళు తిరగడం పోయింది. ఆ సాయంత్రమే చేరిపోయాడు.

మొదటివారం ప్యాంటుతో ఎక్కబోయి, ఎక్కినంత వేగంగా దిగిపోయాడు. ఈ విద్యలో పట్టంతా చర్మానిదే. బట్ట జారుతుంది, చర్మం అతుక్కుంటుంది. అందుకని పొట్టి నిక్కర్లు వేసుకోవాలి, ఒంటికి నూనె, క్రీము ఏవీ తగలకూడదు, చేతులకి చెమట పడితే సుద్దపొడి రాసుకోవాలి, ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కేముందు రాడ్డుని స్పిరిటుతో తుడవాలి. ఇవన్నీ వాడు నాకు చెప్పినవి, నేను మీకు చెబుతున్నాను. బస్సు రాడ్డు కన్నా అది కొంచెం లావట. అది తప్ప వాడు ఇంకే ఫిర్యాదూ చేయలేదు.

గుండ్రంగా తిరుగుతూ దిగడం నేర్చాడు. ముందు కాలి పాదానికీ వెనక కాలి పిక్కకీ మధ్య రాడ్డుని ఇరికించి పైకి పాకడం నేర్చాడు. తొడలతో బిగించి, రెండు చేతులూ వదిలేసి కుర్చీలో కూర్చున్నట్టు గాల్లో కూర్చోవడం నేర్చాడు. ఆ ఆసనంలో ఉండగా అలవాటుగా చంకలో టిక్కెట్ల సంచి కోసం తడుముకునేవాడట. క్లాసులో ఒక పళ్ళ డాక్టరమ్మ, ఒక బేకరీ అమ్మాయి, ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ఎవరికి కొత్త పట్టు కుదిరినా మిగతావాళ్ళు నేల మీద అరచేతులతో దబదబ కొట్టేవాళ్ళు. ఎవరికి కొత్త కమిలిన మచ్చ వచ్చినా అందరూ చుట్టూ చేరి మెచ్చుకునేవాళ్ళు. అక్కడ మచ్చ అంటే పతకం.

ఇంట్లో మాత్రం మచ్చ అంటే మచ్చే. మా మరదలు మొగుడి పిక్కల మీదా తొడల మీదా నల్లటి చారలు చూసింది. అడిగితే వాడు నడకకి వెళుతున్నానన్నాడు. నడిస్తే తొడ లోపలి వైపు ఎలా కములుతుందని ఆవిడ అనుమానం. సర్వీసులో దింపేసిన టిక్కెట్టు లేని ప్రయాణికులంతా ఒకటై కసి తీర్చుకుంటున్నారని నాకు ఫోను చేసింది. ఇద్దరం వాడి వెనకే వెళ్ళాం. నేను గొడుగు తీసుకెళ్ళాను, వాన కోసం కాదు.

తలుపు తీసేసరికి మా తమ్ముడు చారల నిక్కరులో, కప్పుకి జానెడు కింద కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే పళ్ళ డాక్టరమ్మ మా మరదలి దగ్గరికి ఆప్యాయంగా వచ్చి అడిగింది. "మీ ఆయన తొడలు ఇప్పుడెలా ఉన్నాయమ్మా?"

మా మరదలు నా చేతిలోని గొడుగు వైపు చూసింది.

తర్వాత వాడు ఇంట్లో కూడా సాధన చేస్తానని ఒక రాడ్డు తెచ్చాడు. నేలకీ కప్పుకీ మధ్య మరలు తిప్పి బిగించే రకం. అది గట్టి కాంక్రీటు దూలం కిందే నిలబడాలి, అందంకోసం వేసిన తెల్ల పలకల కిందైతే పలక ఊడి నెత్తిన పడుతుంది. స్థలం కొలిచి చూపించింది నేనే. కొలత తప్పలేదు. ఎటొచ్చీ ఆ దూలం సరిగ్గా సోఫాకీ టీవీకీ మధ్య నుంచి పోయింది.

అప్పటి నుంచి మా మరదలి సీరియల్లో మొగుడూ పెళ్ళాలు రాడ్డుకి చెరోవైపే కనిపించేవారు. వాళ్ళిద్దరి మధ్యా గొడవలు తీరకపోవడానికి కూడా అదే కారణమని ఆవిడ నమ్మింది. తడి తువ్వాళ్ళు దాని మీదే ఆరేసేది. చివరికి ఒకరోజు నా ఎదుటే తేల్చి చెప్పింది.

"చూడండి బావగారూ, ఈయన ఎక్కుతున్నాడు, తిరుగుతున్నాడు, దిగుతున్నాడు. ఆ మాత్రం గాలిపటమూ చేస్తుంది. ఆ టీచరు పిల్ల చెప్పినట్టు తలకిందులుగా ఒక్కసారి, నలుగురి ముందు, సొంతంగా వేలాడితే ఈ రాడ్డు ఇక్కడే ఉంటుంది. లేకపోతే మర్నాడే పాత ఇనుము బండికి వేసేస్తాను."

మా తమ్ముడు సరేనన్నాడు. అనకుండా ఉండాల్సింది. తలకిందులవడం ఒక్కటే వాడికి రాని విద్య. రాడ్డుని చంకకి ఆనించి, రెండు చేతులా పట్టుకుని, వెనక్కి వాలి, నడుమెత్తి, మోకాలి మడతని రాడ్డుకి కొక్కెంలా తగిలించాలి. టీచరమ్మ నడుం కింద చేయి పెడితే పైకి లేచేవాడు, చేయి తీస్తే కాళ్ళు నేలకి మేకులు కొట్టినట్టు నిలబడిపోయేవి. బలం లేక కాదు. ఉద్యోగమంతా కాళ్ళు లోపల పెట్టండని జనానికి చెప్పినవాడు, తన కాళ్ళు ఎలా వదులుతాడు? క్లాసువాళ్ళు ఏడాదికొకసారి ఇంటివాళ్ళని పిలిచి ఆటలు చూపిస్తారు. ఆ రోజే పరీక్ష అని ఖాయమైంది. వాడికి అన్నం సయించడం మానేసింది. రాడ్డు పోతే మళ్ళీ వంటింటి గుమ్మమే గతి అని నా దగ్గర ఒకసారి మెల్లిగా అన్నాడు.

ఆ రోజు మన డిపో పాతకాపులంతా వచ్చారు. పిలిచింది నేనే. అందరికన్నా ముందు వచ్చినవాడు గ్రీజు బాబాయ్. మెకానిక్కు షెడ్డులో ఆయన చేయి తగలని బండి లేదు. ఊరికే కూర్చోలేని మనిషి, ఏదైనా పని చెప్పమన్నాడు. టీచరమ్మ ఒక గుడ్డా, స్పిరిటు సీసా చేతికిచ్చి, మధ్య రాడ్డుని బాగా తుడిచిపెట్టమంది.

బాగా తుడవడం అంటే ఏమిటో ఆ పిల్లకి తెలియదు, గ్రీజు బాబాయ్‌కి తెలుసు. పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే బస్సులో రాడ్లు ఎలా ఉండేవో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆయన స్పిరిటు సీసా పక్కన పెట్టి, సొంత సంచిలోంచి చిన్న డబ్బా తీశాడు. కింద నుంచి పైదాకా, నిచ్చెన వేసుకుని మరీ పట్టించాడు. నేను వెళ్ళి చూస్తే ఆ రాడ్డులో నా మీసం వెంట్రుక వెంట్రుకగా కనిపించింది. చేతికి పనితనం ఉండటమంటే అదీ.

మొదటి పేరు మా తమ్ముడిదే. మా మరదలు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. వాడు నమస్కారం పెట్టి, ఎగిరి రాడ్డు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కిందికి జారి పరుపు మీద కూర్చున్నాడు. లేచి మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆటే అంత అనుకుని మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. మూడోసారి జారుతూ చుట్టూ ఒక తిప్పు కూడా తిరిగాడు. ఒకాయన ఈల వేశాడు.

టీచరమ్మ పరిగెత్తుకొచ్చి రాడ్డుని వేలితో తాకి, వేలు వాసన చూసింది. గ్రీజు బాబాయ్ లేచి నిలబడి గర్వంగా చెప్పాడు. "తనిఖీ పాలిష్ అమ్మా. ఈగ వాలినా జారాలి."

క్లాసువాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. పళ్ళ డాక్టరమ్మ స్పిరిటు పోస్తుంటే, బేకరీ అమ్మాయి తుడుస్తుంటే, లెక్కల మాస్టారు తన చొక్కాతోనే రుద్దాడు. గ్రీజు బాబాయ్ తన పని అలా తుడిచిపెట్టుకుపోతుంటే చూడలేక కిటికీ వైపు తిరిగాడు. రాడ్డు మళ్ళీ మామూలుదయింది. మామూలుగా లేనిది మా తమ్ముడి ముఖం.

సుద్దపొడి రాసుకుని వచ్చి, చంకకి రాడ్డు ఆనించి, రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక్కి వాలాడు. అంతే, ఆగిపోయాడు. కాళ్ళు లేవలేదు. మా మరదలి కట్టుకున్న చేతులు ఎప్పుడో విడిపోయాయి, కుర్చీ అంచుని పట్టుకుని ఉన్నాయి. వాడు తల తిప్పి గది తలుపు వైపు చూశాడు. తలుపు వేసే ఉంది, ఇంకా ఎక్కాల్సినవాళ్ళు ఎవరూ లేరు. అయినా వాడు కదలలేదు.

ఆ చూపు నాకు తెలుసు. స్టీరింగు ముందున్న అద్దంలో ఉద్యోగమంతా చూసిన చూపు అది. తలుపు మూసుకుంది, అందరూ లోపలే ఉన్నారు, ఇక ఆ మాట రావాలి. ఎవరో అనాలి, ఇంకొకరు కదలాలి. అనేవాడే రాడ్డు మీద ఉంటే ఎవరంటారు?

నేను లేచి నిలబడ్డాను. "రైట్ రైట్."

వాడి కాళ్ళు లేచాయి. నడుము లేచింది, మోకాళ్ళు ఛాతీ దాటాయి, కుడి మోకాలి మడత రాడ్డుకి తగులుకుంది, తల పరుపు వైపు దిగింది. మా తమ్ముడు, మన డిపో కండక్టరు, నలుగురి ముందు, సొంతంగా, తలకిందులుగా వేలాడాడు. క్లాసువాళ్ళు నేలని బాదారు. మనవాళ్ళు కుర్చీలని బాదారు. గ్రీజు బాబాయ్ కూడా కిటికీ నుంచి తిరిగాడు.

కాసేపటికి నేల బాదడం ఆగింది. మా తమ్ముడు ఇంకా అలాగే ఉన్నాడు. మరికాసేపటికి అర్థమైంది, ఎక్కడం గురించి అంతగా బెంగపెట్టుకున్నవాడు దిగడం గురించి ఆలోచించనే లేదు. ముఖం టమాటాలా ఎర్రబడింది. టీచరమ్మ చేయి పట్టబోతే వద్దని తల ఊపాడు. 'సొంతంగా' అనేగా పందెం.

మా మరదలు లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పరుపు దగ్గరికి వెళ్ళి, తలకిందులుగా ఉన్న ఆ ముఖానికి దగ్గరగా వంగింది.

"ఇంక దిగండి. మన స్టాపు వచ్చింది."

వాడు మోకాలు వదిలి, నడుము మడిచి, చక్కగా రెండు కాళ్ళ మీద దిగాడు. ఆ మాటకి దిగని ప్రయాణికుడు ఉంటాడా?

రాడ్డు అక్కడే ఉంది. టీవీయే పక్క గోడకి మారింది. మొన్న వాళ్ళింటికి వెళితే మా మరదలు నిలబడే సీరియల్ చూస్తోంది, సోఫా ఖాళీగా ఉన్నా సరే. రాడ్డుకి ఆనుకుని ఉంది. నేను డ్రైవరు కళ్ళతో చూశాను. ఎడమ మోచేయి సరిగ్గా మెలేసింది, మోకాలు సోఫాకి తన్నిపెట్టింది. నేను ఎంత గట్టిగా బ్రేకు కొట్టినా పడదు.