అల్మరా తాళంచెవి

2023. జిల్లాల హద్దులు మారినా ఒంగోలు మాత్రం మార్కాపురానికి అంతే దూరంగా ఉండిపోయిన రోజులు. మార్కాపురంలోనే ఒక షుగర్ క్లినిక్‌లో నేను డైట్ కౌన్సెలర్‌గా పనిచేసేదాన్ని. తిండి, నడక, నిద్ర అలవాట్లు మార్చి బరువు తగ్గించే పద్ధతిని బిహేవియరల్ ట్రీట్‌మెంట్ అంటారు. చెప్పడం తేలికే.

కిరాణా దుకాణం వాళ్ల కోడళ్లు ఇద్దరూ కలిసి వచ్చారు. పెద్దామె రత్నమ్మ, చిన్నామె వాసవి. ఇద్దరికీ షుగర్, ఇద్దరిదీ భారీ శరీరమే. ఒకే వంటిల్లు, ఒకే సాయంత్రపు నడక, నేనిచ్చిన ఒకే చార్టు. నా చార్టు గొప్పతనం ఇద్దరి మీదా తేలిపోతుందని లోలోపల మురిసిపోయాను.

వేసవి దాటేసరికి వాసవి జాకెట్లు వదులయ్యాయి. రత్నమ్మ ఎక్కితే మాత్రం బరువు చూసే మెషీన్ ముల్లు మొండికేసింది. ఇలాంటివాళ్లను మేము నాన్‌రెస్పాండర్ అంటాం, చికిత్సకు స్పందించని మనిషని. వింటే నేరం మోపినట్టే ఉంటుంది. డైట్ రీకాల్ చేశాను. అంటే నిన్న లేచింది మొదలు నోట్లో పడ్డదంతా చెప్పించుకోవడం. తడుముకోకుండా చెప్పింది. థైరాయిడ్ పరీక్ష చేయించాం, అందులోనూ ఏ తేడా లేదు. డాక్టరుగారు మందులూ మార్చి చూశారు. నాకు పిచ్చెక్కినంత పనైంది.

మరుసటి నెల వాళ్ల అత్తగారు కూడా వెంట వచ్చారు.

"డబ్బాలో చేగోడీలు తగ్గిపోతా ఉంటే అల్మరాకు తాళం వేసినానమ్మా. ఇద్దరూ ఒకే కుండలో కూడు తింటారు. చిన్నది తగ్గింది, ఇది తగ్గలా. దొంగతిండి కాకపోతే ఏంది?"

రత్నమ్మ నా వైపు తిరిగింది. "నేను తినలా మేడమ్. పిల్లల ముందర కూడా అట్లనే అంటుంది. తగ్గకపోతే పాయె, ఇంక నేను ఈడికి రాను."

ఆమె పాదాలకు అప్పటికే తిమ్మిర్లు మొదలయ్యాయి. ఇప్పుడు క్లినిక్‌కి రావడం మానేస్తే జబ్బు ఎక్కడిదాకా పోతుందో తలుచుకుంటేనే భయమేసింది.

"ఆమె మాట నేను నమ్ముతున్నానమ్మా," అన్నాను.

"అట్లయితే ఎందుకు తగ్గలా?"

"తెలీదు."

అప్పటిదాకా కొంగు వేలికి చుట్టుకుంటున్న వాసవి నోరు విప్పింది. "అక్కని అనబాకండి అత్తయ్యా. చేగోడీలు తిన్నది నేను."

అత్తగారు చిన్నకోడలి సన్నబడ్డ నడుము చూశారు, పెద్దకోడలిని చూశారు, చివరికి మెషీన్ వైపు అనుమానంగా చూశారు. "తిన్నది తగ్గి, తిననిది తగ్గకపోయేదేంది?"

నాకూ అదే అర్థం కాలేదు. పుట్టుక, వయసు, నిద్ర, మనసులో బెంగ, ఇలా పుస్తకాల్లో కారణాలు చాలానే ఉన్నాయి. రత్నమ్మ విషయంలో ఏది పనిచేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. మెషీన్ బరువు చెబుతుంది, మనిషి నిజం చెబుతున్నదో లేదో చెప్పదు. ఆ తర్వాత ఎవరినీ "నిజంగా తినలేదా?" అని అడగలేదు.

రత్నమ్మ రాదనే అనుకున్నాను. వచ్చింది. షుగర్ కాస్త దిగింది, బరువు దిగలేదు.

"రాసుకోండి మేడమ్, తగ్గలా," అంది మెషీన్ దిగుతూ, మామూలుగా. చీర కుచ్చిళ్ల పక్కన అల్మరా తాళంచెవి వేలాడుతోంది.

"మీ అత్తగారు ఇచ్చారా?"

"ఆమే దోపింది," అంది.