పాలపొడి వరుసలో నిలబడ్డాను

మావారి ఉద్యోగం వల్ల అండమాన్‌లోని ఫెరార్‌గంజ్‌కు వచ్చిన కొత్తలో జరిగింది. నేను బడి మెట్లెక్కలేదు. అమ్మ ఇంట్లో నేర్పిన తెలుగు అక్షరాలే నా చదువు.

ఒకరోజు మా ఏడాది పాపకు ఒళ్లు కాలిపోతోంది. మావారు డ్యూటీ మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. పాపను ఎత్తుకుని డిస్పెన్సరీకి పరుగెత్తాను. గోడ మీది బోర్డంతా హిందీ. పసిపిల్లల తల్లులు వరుసలో ఉంటే నేనూ నిలబడ్డాను. రెండు గంటలకు నర్సు దీదీ నా చేతిలో పాలపొడి పొట్లం పెట్టింది.

ఏడుపు ఆగక తెలుగులోనే అడిగేశాను. "డాక్టరు గారేరి?"

"డాక్టర్ సాబ్ మంగళవారమే వత్తారమ్మా. ఈరోజు ఒట్టి పాలపొడే. బోర్డు సూడనేదేటి? ఏదీ, పిల్లనిలా తే."

అచ్చం మా అమ్మ యాస. మందు వేసి, తడిగుడ్డతో తుడుస్తూ, జ్వరం దిగేదాకా పాపను తన ఒళ్లోనే ఉంచుకుంది. నాకు తెలుగే చదవడం వచ్చని తెలిసి సుద్దముక్క ఇచ్చింది.

"నాను ఈ దీవిలోనే పుట్టాను. మాటాడ్డమే గానీ తెలుగు రాయడం రాదు. నాను సెప్తాను, నువ్వు రాయి. నీలాటోళ్లు ఇంకా వత్తారు."

బోర్డు కింద గోడ మీద రాశాను. మంగళవారం డాక్టరు, శుక్రవారం పాలపొడి.

ఆ దీదీ బదిలీ మీద ఏ దీవికి వెళ్లిందో తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆమెను తలచుకుంటాను. ఆ గోడకు ఎన్నోసార్లు సున్నం వేశారు. అయినా అక్కడికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు ముందు ఆ చోటునే వెతుకుతాయి.