దండెం మీద తెల్ల దుప్పటి

మొన్న బుధవారం ఉదయం ఎప్పటిలాగే లేచాను. టీ పెట్టుకుని, జపమాల చేతిలోకి తీసుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. దేశం కాని దేశంలో మేముంటున్న ఈ టార్నీట్‌లో గాలి అప్పటికే మొదలైంది. కంచె అవతల, పక్కింటి ఆంటీ దండెం మీద తెల్ల దుప్పటి బరువుగా ఊగుతోంది. ముందురోజు మధ్యాహ్నం ఆరేసిన దుప్పటి. మంచుకి తడిసిపోయింది. ఆ రాత్రి మేమంతా ఆలస్యంగా ఇల్లు చేరాం, ఎవరమూ చూసుకోలేదు.

టీ కప్పు కింద పెట్టేశాను. ఆంటీ పొద్దు గూకాక బట్టలు బయట ఉంచే మనిషి కాదు.

ఆమె మా దగ్గర ఉంచిన తాళంచెవితో నేనూ తమ్ముడూ లోపలికి వెళ్ళాం. కుర్చీలో నిద్రపోతున్నట్టే ఉంది. డెబ్భై దాటిన మనిషి, కునుకులోనే వెళ్ళిపోయింది. ముఖంలో ఏ బాధా లేదు. దేవునికి స్తోత్రం అనుకున్నాను.

ఆంటీది తూర్పు తిమోర్. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె నా పేరు అడగలేదు. తమ్ముడు పిలవడం విని తనూ "అక్కా" అంది. తమ్ముడి కూతురు పడీపడీ నవ్వింది. "అత్తా, షీ ఈజ్ సో మచ్ ఓల్డర్ దాన్ యూ!"

"పేరు తెలియకపోతే ఎవరు కొట్టినా చెప్పలేం" అంది ఆంటీ, తనూ నవ్వుతూనే. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఆ "అక్కా" ఒక్కటే తెలుగు.

ఆ మాట వెనక ఏముందో చాలా రోజులకి తెలిసింది. ఆమె పడుచుతనంలో ఇండోనేషియా సైన్యం వాళ్ళ దేశాన్ని ఆక్రమించింది. కొండల్లో దాక్కుని పోరాడేవాళ్ళకి ఊళ్ళో ఆడవాళ్ళు రహస్యంగా అన్నం, మందులు అందించేవారు. ఒకరి పేరు ఒకరు అడగకూడదు. సైనికులు దగ్గర్లో లేని రోజున ఆంటీ పెరట్లో తెల్లగుడ్డ ఆరేసేది. కొండ మీది మనిషి అది చూసి, చీకటి పడ్డాక దిగివచ్చేవాడు. గుడ్డ లేకపోతే రాకూడదు.

ఒక మధ్యాహ్నం గుడ్డ ఆరేసిన కాసేపటికే సైనికులు వచ్చి ఆమెను పట్టుకుపోయారు. కొందరు ఇంట్లోనే కాపు కాశారు. గుడ్డ దండెం మీదే ఉండిపోయింది. జైలు నుంచి వదిలాక ఆమె మళ్ళీ ఊరు చూడలేదు, ఈ దేశం చేరింది.

"అది చూసి వచ్చే ఉంటాడు, అక్కా. నా గుడ్డే అతన్ని చంపింది."

శుక్రవారాలు మా ఇంట్లో కలిసి జపమాల చెప్పుకునేవాళ్ళం. ప్రతిసారీ "కొండ మీది మనిషి కోసం" అనేది.

"బతికున్నవాడి కోసమని చెప్పనా ఆంటీ, పోయినవాడి కోసమని చెప్పనా?"

"దేవుడికి తెలుసులే. నువ్వు చెప్పు."

ఊళ్ళో ఎవరినైనా అడగమంటే తల అడ్డంగా ఊపేది. పోయాడని వినడం కంటే తెలియకపోవడమే నయమనేది.

కిందటి ఈస్టర్ తర్వాత ఆమె మేనకోడలు ఆ ఊరు బయల్దేరింది. నేను బతిమాలితే ఆంటీ చివరికి "సరే, అడగనీ" అంది. వారం తిరక్కుండా వీడియో కాల్ వచ్చింది. తెర మీద పళ్ళు లేని ఒక ముసలాయన. ఆయన అంటున్నది ఆంటీ నాకు ఇంగ్లీషులో చెప్తూ వచ్చింది.

"నువ్వు పొద్దు గూకేలోపు బట్టలు తీసేసే మనిషివి. చీకటి పడుతున్నా గుడ్డ అక్కడే ఉంది. నీకేదో అయిందని వెనక్కి తిరిగిపోయాను. ఆ రాత్రంతా ఆకలికి నిన్నే తిట్టుకున్నాను."

"నా వంట తినలేదు కాబట్టే ఇన్నాళ్ళు బతికావు!" అని ఆంటీ ఫోన్లోకి అరిచింది.

ఫోన్ పెట్టేసింది. తర్వాత మెల్లగా, "పొద్దు గూకేలోపు తీసేయడం సంకేతం కాదక్కా. మా అమ్మ నేర్పిన అలవాటు. మంచు పడితే మళ్ళీ ఉతకాలని తిట్టేది. అంతే" అంది.

ఆ శుక్రవారం తనే గుర్తు చేసింది. "ఇవాళ బతికున్నవాడి కోసమని చెప్పు." అప్పటిదాకా పగలు కన్ను మూయని మనిషి, ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీసేది. గురక మా పెరట్లోకి వినిపించేది. వింటుంటే నాకు హాయిగా ఉండేది.

బుధవారం సాయంత్రానికి అంత్యక్రియలు చూసేవాళ్ళు వచ్చి ఆంటీని తీసుకెళ్ళిపోయారు. మేనకోడలు మర్నాడు వస్తానంది. మేమంతా వంటింట్లో కూర్చున్నాం.

"ఆ దుప్పటి అలాగే ఉంచుదామా అక్కా? ఆవిడ చేత్తో ఆరేసింది కదా" అన్నాడు తమ్ముడు.

నేను కిటికీలోంచి చూశాను. ఎండ కంచె మీదికి దిగింది. దుప్పటి ఆరిపోయి తేలిగ్గా ఎగురుతోంది.

"నో నాన్నా" అంది వాడి కూతురు. "ఇట్స్ గెటింగ్ డార్క్."

చీకటి పడేలోపే తీసి, మడతపెట్టి, ఆమె మంచం మీద ఉంచాలని అందరం అనుకున్నాం.