సున్నా తేడా

ఏ చిప్పునైతే తన చేతికి వచ్చి ఉంటే గడప దాటనిచ్చేది కాదో, ఆ చిప్పును పంపిందన్న నేరం మోపి ఒక మనిషిని ఉద్యోగం నుంచి తొలగించారు. ఆమెను నిర్దోషిగా నిలబెట్టవలసిన కాగితాన్నే ఆమె నేరానికి సాక్ష్యంగా రాసుకున్నారు. దీన్ని పొరపాటనడానికి కూడా వీల్లేదు. ఆమె విచారణ రోజే, విచారణ గదిలోనే, ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి మరీ చూపించింది.

పనిచోట ఆమెను అందరూ వేలిముద్రలమ్మ అనేవారు. ఆసుపత్రులకు వెంటిలేటర్లు తయారుచేసే కర్మాగారంలో, బయటి నుంచి వచ్చే చిప్పులను పరీక్షించే బల్ల పందొమ్మిదేళ్లుగా ఆమెది. చిప్పు మీద అచ్చువేసిన నంబరును ఆమె ఏనాడూ నమ్మలేదు. తుక్కు యంత్రాల్లోంచి పీకిన చిప్పు వీపును గరుకు కాగితంతో అరగదీసి, నల్లరంగు పూసి, కొత్త నంబరు కొట్టే ఘనులు లోకంలో ఉన్నారని ఆమెకు తెలుసు. "నంబరుదేముంది, చొక్కా లాంటిది. ఎవరిదైనా ఎవరైనా తొడుక్కోవచ్చు. మనిషిని చూడాలి" అనేది.

ఆమె చూసే తీరు ఇదీ. చిప్పుకు కరెంటు ఇచ్చిన తొలి క్షణంలో, ఇంకా ఎవరూ ఏమీ రాయకముందే, దాని మెమరీలోని గళ్లు కొన్ని ఒకటిగా, కొన్ని సున్నాగా మేలుకుంటాయి. ఏ గడి ఎటు మొగ్గుతుందన్నది తయారీలో దొర్లిన, కంటికి అందని హెచ్చుతగ్గులను బట్టి ఉంటుంది. చేసినవాడు సైతం మళ్లీ అటువంటి దాన్ని చేయలేడు. ఆ గళ్లను నలుపు తెలుపు బొమ్మగా అచ్చుతీసి, తేదీ వేసి, సంతకం చేసి ఫైల్లో పెట్టేది. చిప్పుకు వేలిముద్ర అదే.

అయితే ఆ చిప్పునే మళ్లీ నిద్రలేపితే బొమ్మ అచ్చం అలాగే రాదు. అటో ఇటో తేల్చుకోలేని గళ్లు కొన్ని ప్రతిసారీ మాట మారుస్తాయి. నాలుగు వేల పైచిలుకు గళ్లలో ఏ రెండు వందలో తేడా వస్తాయి. వేరే చిప్పయితే దాదాపు సగం తేడా. కొత్తగా పనిలో చేరినవాళ్ల కోసం ఆమె బల్ల పైన గోడకు తన చేతిరాతతో ఒక కాగితం అంటించింది: "తేడా మూడు వందల లోపు ఉంటే అదే చిప్పు." ఆ ఒక్క వాక్యం ఆమె కొంప ముంచింది.

ఒక ఆసుపత్రిలో వెంటిలేటరు ఉన్నట్టుండి ఆగింది. నర్సు చేత్తో గాలి కొట్టబట్టి రోగి దక్కాడు. విప్పి చూస్తే లోపల వీపు అరగదీసిన చిప్పు. దాని మీది నంబరు మాత్రం వేలిముద్రలమ్మ ఎనిమిది నెలల కిందట పరీక్షించి పంపిన చిప్పుది. ఆమె బల్ల దాటాక, వాటిని యంత్రాల్లో బిగించే గదికి చేరకముందు, ఆ విడత చిప్పులు నలభై స్టోర్సు అలమారాలో పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజులూ తాళం స్టోర్సు అధికారి చేతిలోనే ఉంది. రిజిస్టరులో సంతకం ఆయనదే.

విచారణకు ఆమె ధీమాగానే వెళ్లింది. వేలిముద్ర మళ్లీ తీసి చిప్పునే అడగమని ముందే అర్జీ పెట్టుకుంది.

"మీరడిగినట్టే చేశామమ్మా" అన్నాడు విచారణాధికారి. "స్టోర్సు వారు చిప్పుకు పరీక్ష చేయించి బొమ్మ తెచ్చారు. మీ ఫైల్లోదీ ఇదీ ఒకటే, అంటే మీరు పరీక్షించి పంపిన చిప్పు ఇదే. తేడా సున్నా."

"సున్నానా?"

"నూటికి నూరు మార్కులు, వేలిముద్రలమ్మగారూ" అన్నాడు స్టోర్సు అధికారి. "తప్పిపోయిన పిల్ల తల్లి ఒళ్లోకే చేరింది."

ఆమె లేచి రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి వెలుగులో చూసింది. గడి మీద గడి కూర్చుంది. ఒకే నిమిషంలో రెండుసార్లు తీసినా పందొమ్మిదేళ్లలో సున్నా అన్నది ఆమె చూడలేదు.

"అయ్యా, ఇది చిప్పు ఇచ్చింది కాదండి" అంది చివరికి. "నా కాగితానికి నకలు. చిప్పుని అసలు బల్ల మీద పెట్టనేలేదు."

"తేడా ఉంటే నాది కాదంటారు, లేకపోతే నకలంటారు. ఇలాగైతే మీతో వేగేదెలాగమ్మా?"

స్టోర్సు అధికారి జేబులోంచి ఫోను తీసి గోడ కాగితం ఫొటో చూపించాడు. "ఈ చేతిరాత మీదేనా?"

"నాదే."

"సున్నా మూడు వందల లోపేనా, కాదా?"

"లోపే" అంది. కింది హద్దు రాయాలన్న ఆలోచనే ఆమెకు ఏనాడూ రాలేదు. ఎవరూ నడవని చోట కంచె ఎవరు వేస్తారు? "చిప్పు ఇక్కడే ఉంది కదండీ. మీ కళ్లముందే పదిసార్లు కరెంటు ఇద్దాం. అరగంట పని."

"దాన్ని కవర్లో పెట్టి సీలు వేశాం. ఇక తాకడానికి వీల్లేదు."

నాలుగో రోజున తొలగింపు ఉత్తర్వు వచ్చింది. రెండో పేజీలో "తేడా సున్నా కావడమే తిరుగులేని రుజువు" అని ఉంది.

ఆమె మామగారు బ్యాంకులో ముప్పై ఏళ్లు సంతకాలు సరిచూసిన మనిషి. రెండు కాగితాల నకళ్లనూ ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సంతకం కాస్త అటూ ఇటూ పోతే చెక్కు పాస్ చేసేవాళ్లమమ్మా. పాత సంతకం మీద గీతకు గీత కూర్చుంటేనే ఆపేసేవాళ్లం. కింద పెట్టి దిద్దితే తప్ప అలా రాదు."

"పాపం, వాళ్లకి ఆ సంగతి తెలియదేమో మామయ్యా."

"తెలియకపోతే సీలెందుకు వేస్తారే, పిచ్చిదానా?"

ఆమె అంతవరకూ వాళ్లకు అర్థం కాలేదనే అనుకుంది. పందొమ్మిదేళ్లు చిప్పులను అనుమానించిన మనిషి, పక్క గదిలోని మనుషులను ఒక్కనాడూ అనుమానించలేదు. ఆయన చేతిలోంచి నకళ్లు తీసుకుంటూ "మిగతా ముప్పై తొమ్మిదీ ఎక్కడున్నాయో" అంది. అవి కూడా ఆ అలమారాలోంచే వెళ్లాయి, అక్కడే మారిపోయి ఉండవచ్చు. ఈపాటికి ఏ మంచాల పక్కన ఊపిరి అందిస్తున్నాయో.

విచారణ సంఘం వారూ, స్టోర్సు అధికారి గారూ, ఉత్తర్వు మీద సంతకం చేసిన మేనేజరు గారూ! ఆ సీలు విప్పండి. చిప్పును ఆమె బల్ల మీద, ఆమె ఎదుట పెట్టి పదిసార్లు కరెంటు ఇచ్చి, వచ్చిన తేడాలు ఎన్నో రాసి అందరికీ చూపండి. మిగిలిన ముప్పై తొమ్మిది యంత్రాలనూ ఈ వారంలోనే వెనక్కి రప్పించి, వాటి చిప్పులను ఆమె ఫైలుతో, ఆమె చేతనే పోల్చించండి.