ముప్పు తక్కువన్న తమ్ముణ్ణి చూసి వచ్చాను

సిరిసిల్లలో మా తమ్ముడు శ్రీనుకు గుండెపోటు వచ్చిందని, స్టెంటు వేసి ఇంటికి పంపారని తెలిసింది. బడికి సెలవులివ్వగానే బయలుదేరాను. ఉదయం ఏడింటికి జగిత్యాలలో బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. కోరుట్లలో దిగి, బీడీలు చుట్టే మా అక్క రాజవ్వను వెంటబెట్టుకుని వేములవాడ బస్సు పట్టుకున్నాను. రాజన్న దర్శనానికి పోయేవాళ్లతో బస్సు నిండిపోయింది. కథలాపూర్ దాటాక గానీ మాకు సీటు దొరకలేదు.

మా నాయన నలభై దాటగానే గుండెపోటుతో పోయాడు. అందుకే నిరుడు హైదరాబాదులో ఒక డాక్టరు మా ముగ్గురి రక్తం తీయించి, జన్యువులను బట్టి కొలెస్ట్రాల్, గుండెజబ్బు ముప్పు ఎంతో లెక్కగట్టించాడు. నాకు ఎక్కువ వచ్చింది. అక్కకు నడిమిరకం. తమ్ముడికి తక్కువ. ఆ రోజు వాడు మా ఇద్దరికీ మిఠాయి తినిపించాడు.

"మనోనికి తక్కువనే అచ్చిందంటిరి గదనే. మరి గిట్లెందుకైంది?" అని అక్క అడిగింది.

రుద్రంగి గుట్టలు దాటుతుండగా, వాడు కొలెస్ట్రాల్ గోళీలు మానేశాడట, పోయి అడుగుదామన్నాను.

వేములవాడలో బస్సు మారి, పన్నెండింటికి సిరిసిల్ల చేరాం. ఆటో దిగేసరికి వీధంతా సాంచెల చప్పుడు. మొన్నమొన్నటిదాకా ఆ మరమగ్గాల దగ్గరే పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి, ఇప్పుడు గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా వదులైంది.

"గోళీలెందుకు బంద్ జేసినవురా? డాక్టర్ చెయ్యమన్నడా?" అని అడిగాను.

"అన్లేదక్కా. తక్కువచ్చినా రక్తంల కొలెస్ట్రాల్ ఉన్నది, మింగాల్నన్నడు. పుట్టుకతోనే మంచిగున్నంక గోళీలెందుకని నేనే అనుకున్న."

"బీడీలు గూడ ఎక్కువజేసిండు వదినె," అంది మరదలు పద్మ, అన్నం వడ్డిస్తూ. "ఏమన్నంటే, నాకు తక్కువచ్చిందంటుండె."

పుట్టుకతో వచ్చిన ముప్పునే ఆ లెక్క చెబుతుందని, అదీ ఎక్కువగా విదేశాలవాళ్లను చూసి కట్టిన లెక్క కాబట్టి మనకు అంత కచ్చితంగా సరిపోదని డాక్టరు అప్పుడే చెప్పాడు. మేం ముగ్గురం పక్కపక్కనే కూర్చుని విన్నాం. వాడి చెవికి ఒక్క మాటే ఎక్కింది. ఎక్కువ వచ్చిందన్న భయంతో నేను రోజూ గోళీ మింగుతున్నాను, నడుస్తున్నాను. నా రక్తపరీక్షలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. వాడి గుండెలో కొంత కండ చచ్చిపోయిందట. అది తిరిగి రాదట.

నూనె తగ్గించి వండిన పప్పు వాడు సగమే తిన్నాడు. కొన్నాళ్లు తోడుంటానని అక్క అక్కడే ఆగింది. నాలుగింటికి నేను లేస్తే, వద్దన్నా వినకుండా వీధి మలుపుదాకా వచ్చాడు. కిరాణా దుకాణం మెట్టు మీద కూలబడి, ఆయాసపడుతూ చెయ్యూపాడు.

"నువ్ పోక్కా. బస్సు పోతది."

తిరుగు దారిలో కొండగట్టు దగ్గర కొందరు భక్తులు ఎక్కారు. పక్కన కూర్చున్న పెద్దామె కొబ్బరిముక్క చేతిలో పెట్టి, "ఎక్కడికెళ్లి అస్తున్నవ్ బిడ్డా?" అంది.

"తమ్మున్ని చూసి అస్తున్నమ్మా."

"పానం మంచిగున్నదా?"

"నిరుడు మంచిగనే ఉండె," అన్నాను.