మా ఆసుపత్రి జీపు, వాళ్ళ దర్శనం

ఎనభైల మొదట్లో, మా జిల్లా ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు నాయకత్వం నేర్పాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. ఆఫీసులన్నీ చిత్తూరులో ఉంటే శిక్షణ మాత్రం తిరుపతిలో పెట్టారు, అదీ బ్రహ్మోత్సవాల వారంలో. పాఠాలు చెప్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన గురువుగారు భార్యనూ అత్తగారినీ వెంటబెట్టుకొచ్చారు. వాళ్ళకూ నాయకత్వం మీద ఆసక్తి ఉండి ఉంటుంది.

నేను అప్పుడు ఏర్పేడు పక్కన ఒక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును. మాకున్నది ఒక్క జీపు. కాన్పు కష్టమైతే తల్లిని తిరుపతి పెద్దాసుపత్రికి చేర్చడానికి అదే దిక్కు. శిక్షణ అవసరాలకని దాన్నీ రప్పించుకున్నారు. నాకు నోరెక్కువని మా జిల్లా అధికారికి తెలుసు. అందుకే నేను అడగకముందే "ఈ వారం సర్దుకోమ్మా" అన్నారు.

ఒకరోజు ఉదయం పాఠం వాహనాల మీద. బండి ఒక్కటే ఉంటే ఎవరికి ముందివ్వాలో జట్లుగా కూర్చుని చార్టు మీద రాయమన్నారు. నొప్పులు పడే తల్లికి అని మా జట్టు రాసింది. గురువుగారు మురిసిపోయి చప్పట్లు కొట్టించి, ఆ చార్టును గోడకు అంటించి, ఇంటిల్లిపాదినీ మా జీపెక్కించుకుని కొండకు బయలుదేరారు. మధ్యాహ్నం పాఠం మమ్మల్నే చదువుకోమన్నారు. నాయకుడంటే పనులు పంచేవాడట.

భోజనాల వేళకు మా ఊరి రైతు ఒకతను బస్సు దిగి, హాలు వెతుక్కుంటూ వచ్చాడు. మా నర్సమ్మ పంపింది. అతని భార్యకు తెల్లవారుజాము నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది.

"జీపు యాడుండాదమ్మా?" అన్నాడు.

కొండ మీద ఉందని చెప్పి, అధికారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ "కాన్పే కదమ్మా, నిదానంగా అవుతుంది. వాళ్ళకు మళ్ళీ దర్శనం దొరకాలంటే కష్టం" అన్నారు. ఆయన ఇంట్లో కాన్పులన్నీ అంత నిదానంగానే అయ్యాయేమో, నేను అడగలేదు.

పెద్దాసుపత్రి వ్యాను రిపేరులో ఉంది. టాక్సీలన్నీ యాత్రికులతో కొండదారి పట్టాయి. ఇక ఆ రైతును రిక్షా ఎక్కించుకుని అలిపిరికి పోయి, కొండ దిగే బండ్లు ఆగే గేటు దగ్గర నిలబడ్డాను. ఎండ కంటే ఎక్కువగా నా ఒళ్ళు మండుతోంది. అతను ప్రతి జీపుకూ లేచి చూసి మళ్ళీ కూలబడుతున్నాడు.

పొద్దు వాలాక మా జీపు దిగింది. ముందు సీట్లో గురువుగారు, కొత్త గుండు, ఒళ్ళో లడ్లు.

"కాన్పు కేసు సార్, బిడ్డ అడ్డం తిరిగింది. దిగండి" అన్నాను.

"ఇది పద్ధతి కాదు డాక్టరుగారూ, మీ అధికారి అనుమతి..."

ఆయన మాట ముగియకముందే అత్తగారు వెనక నుంచి దిగేసింది. "అవతల పిల్ల నొప్పులు పడుతుంటే ఈ మాటలేంటి బాబూ, దిగండి" అంది. ఆ వారమంతటిలో నిర్ణయమంటూ తీసుకున్నది ఆవిడొక్కతే.

ఊరికి పోయి అతని భార్యను పెద్దాసుపత్రికి చేర్చేసరికి చీకటి పడింది. ఆపరేషన్ చేశారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. మధ్యాహ్నమే తెచ్చి ఉంటే దక్కేదని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నాతో అంది.

ముగింపు సభలో అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. అతిథులను నడిరోడ్డున దించినందుకు నాది ఆపేశారు. మా చార్టు మాత్రం గోడ మీదే ఉంది. నేను అక్కడ కూర్చోలేక ఆసుపత్రికి పోయాను.

రైతు వార్డు బయట వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"అమ్మా, ఆ సారోళ్ళకు దర్శనం బాగా అయిందా?" అన్నాడు.

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు.

"నా వల్ల పెద్దోళ్ళను దోవలో దించేసినాం గదమ్మా, ఏమనుకున్నారో ఏమో."

"బాగా అయిందప్పా" అన్నాను. "వాళ్ళేమీ అనుకోలేదులే."