చెప్పులు పోగొట్టుకున్నవాడి పుస్తకం

తిరుపతి బస్టాండులో ఇరవైతొమ్మిదేళ్లు ఎంక్వయిరీ కౌంటరు వెనక కూర్చున్న వసంతమ్మకు దారి చెప్పడం వచ్చు, అడగడం రాదు. అడిగే పని జయంతిది. జయంతి అదే బస్టాండులో రిజర్వేషన్ కౌంటరులో పనిచేసేది. ఇద్దరూ ఏటా స్టాఫు పాసు మీద ఏదో ఒక ఊరు చూసొచ్చేవారు. బస్సు దిగగానే వసంతమ్మ సంచులు పట్టుకుని ఒక పక్కన నిలబడేది. జయంతి పోయి టీకొట్టువాణ్ణో, పూలమ్మేదాన్నో, ఎవరు కనబడితే వాళ్లను అడిగి వచ్చేది. "లోకానికంతా దారి సెప్తావు, నీ దాకా వస్తే నోరు పడిపోతాదేమే" అని వెక్కిరించేది.

"పాసు చెల్లని చోటికి ఒక్కసారన్నా పోవాల" అన్నదీ జయంతే. రిటైరయ్యాక ఇద్దరూ వియత్నాంకు విమానం టికెట్లు తీశారు. ఏప్రిల్లో జయంతికి కామెర్లు ముదిరాయి. పద్దెనిమిది రోజుల్లో పోయింది.

ప్రయాణం ఇంకో నెల ఉంది. టికెట్లు తీసిచ్చిన మునికుమార్ ఈరోజు సాయంత్రం ఆరులోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. రెండూ రద్దు చేయాలా, జయంతిది ఒక్కటేనా. వసంతమ్మ పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. మూడు రోజులుగా ఆమె మాట్లాడింది పాలవాడితో మాత్రమే, అదీ గేటు దగ్గర, రెండు ముక్కలు. అడక్కుండానే జవాబు చెప్పే పుస్తకం ఒకటి దొరికితే ఒంటరిగా వెళ్లవచ్చు, దొరక్కపోతే ఇంట్లోనే ఉండవచ్చు అనుకుని, మూడింటికి గాంధీ రోడ్డు వెనక సందులో గిరిప్రసాద్ పాత పుస్తకాల అంగడికి వచ్చింది.

లాడ్జీల్లో యాత్రికులు వదిలేసిన పుస్తకాలు చాలావరకు ఆ అంగడికే చేరతాయి. గిరిప్రసాద్ వియత్నాం మీద మూడు ఇంగ్లీషు పుస్తకాలు దుమ్ము దులిపి ముందు పెట్టాడు.

"ఫోన్లోనే అంతా ఉండాది గదక్కా, ఈ మోత ఏంటికి?"

"ఫోన్లో పదిమంది పది రకాలుగా సెప్తా ఉండారు. కౌంటర్లో ఒక్క మనిషే కూర్చోవాల. ఇవి రాసినోళ్లే మన దేశం మీద రాసినవి ఉండాయా?"

"వియత్నాంకు పోతా మన దేశం ఏంటికి?"

"నాకు తెలిసిన ఊరు గురించి ఏం రాసినారో సూస్తే, తెలియని ఊరు గురించి ఎంత నమ్మచ్చో తెలస్తాది."

"పెండ్లి సంబంధం ఇచారించినట్టు ఇచారిస్తా ఉండావే."

"సంబంధమే గదప్పా. పదిరోజులు దీంతోనే కాపరం."

గిరిప్రసాద్ నవ్వి, నిచ్చెన ఎక్కి మన దేశం మీదవి మూడూ వెతికి ఇచ్చాడు. వసంతమ్మ స్టూలు మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుంది. మూడింట్లోనూ తిరుపతి పేజీ తీసింది.

మొదటి పుస్తకం దట్టంగా, రంగు బొమ్మలతో ఉంది. గోపురం ఎవరు కట్టించారు, ఏ రాజు ఏం సమర్పించాడు అని రెండు పేజీలు. ఇరవైతొమ్మిదేళ్లలో ఆమెను ఈ సంగతి అడిగినవాడు ఒక్కడూ లేడు. బాత్రూమ్ ఎక్కడ, పుత్తూరు బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇది తప్పిపోతే మళ్లీ ఉందా అని అడిగారు. పుస్తకం మూసేసింది.

రెండోది కొండమీదికి బస్సులో పావుగంట అంది.

"డ్రైవరు దూకించినా పావుగంటలో పోడు" అని దాన్నీ పక్కన పెట్టింది.

మూడోది సన్నగా, అట్ట చిరిగి ఉంది. రాసినవాడు తిరుపతికి అర పేజీ ఇచ్చాడు. చివర ఇలా ఉంది: "చెప్పులు ఎక్కడ వదిలారో రాసిపెట్టుకోండి. దర్శనమయ్యాక వెళ్లిన దారిన బయటికి రారు. నేను రాసుకోలేదు. కొండ దిగి బస్టాండు దాకా వట్టికాళ్లతో వచ్చాను."

వసంతమ్మ ఆ నాలుగు వాక్యాలు రెండుసార్లు చదివింది. రోజుకు ఇద్దరు ముగ్గురు వట్టికాళ్లతో తన కౌంటరు ముందు నిలబడి, చెప్పుల అంగడి ఎక్కడని సిగ్గుపడుతూ అడిగేవారు. అందరికీ ఒకటే జవాబు చెప్పింది. ఎవరి మొహమూ గుర్తులేదు.

అతనే రాసిన వియత్నాం పుస్తకం తెరిచింది. పదేళ్ల కిందటిది. బస్సుల వేళలు ఇప్పటికి మారిపోయి ఉంటాయి. ఒంటరిగా వచ్చేవారికని ఒక పేజీ ఉంది. "కొన్ని హోటళ్లలో కొన్ని వంటకాలు ఇద్దరికి తక్కువైతే పెట్టరు. అలాంటి చోట కూర్చోకండి, మనసు పాడవుతుంది. రోడ్డు పక్కన చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు ఉంటాయి. పక్కవాడి గిన్నె చూపించండి, అదే తెస్తారు. మొదటిరోజు చెయ్యి లేవదు. రెండోరోజు ఆకలికి లేస్తుంది."

వసంతమ్మ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి కాసేపు సందులోకి చూసింది. స్కూటర్లు పోతున్నాయి. పక్కనుంటే జయంతి ఈపాటికి ఆ పేజీ బయటికి చదివి గిరిప్రసాద్‌ను కూడా నవ్వించేది.

"అది పాతదక్కా" అన్నాడు గిరిప్రసాద్. "రంగుది తీసుకో. అందులో పటాలు బాగుండాయి."

"అది రాసినోడు చెప్పులు పోగొట్టుకోలేదు" అంది వసంతమ్మ. డబ్బులిచ్చి, ఆ పాత వియత్నాం పుస్తకాన్నే సంచిలో వేసుకుంది.

బయటికి వచ్చి, గడప పక్కన వదిలిన చెప్పులు వేసుకుని, మునికుమార్‌కు ఫోను చేసింది. ఐదున్నర అయింది.

"రెండూ రద్దు చేసేదా అక్కా?"

"జయంతిది ఒకటే తీసెయ్."

"ఆ పక్క సీట్లోకి ఎవురొస్తారో తెలీదు మల్ల. ఆ సీటు ఖాళీ అయితే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఇయ్యనీ. బస్సులో అయినా అంతే గదా" అంది వసంతమ్మ.